నాగావళి పక్కన ఇల్లు కొంటున్న మేనల్లుడికి

ఒరే అల్లుడూ,

శ్రీకాకుళంలో నాగావళికి దగ్గర్లో ఇల్లు కొంటున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మన ఇళ్లలో ఈ వయసుకి సొంత ఇల్లు కొన్నవాడు లేడు. టీ కొట్టు దగ్గర అందరికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఒడిశా కొండల్లో వాన పడితే చాలు, ఇక్కడ ఎండ కాస్తుండగానే ఆ ఏరు పొంగుతుంది.

"బ్యాంకు వాళ్లే ఇన్సూరెన్స్ చేశారు మావయ్యా" అంటావు. ఆ కాగితం తీసి చదువు. అది ఇంటికి చేశారా, నీ ప్రాణానికి చేశారా? ప్రాణానికైతే నీకేదైనా అయినప్పుడు అప్పు తీరుతుంది (ఏం రాయిస్తున్నావురా నాచేత!), గోడ కూలితే పైసా రాదు. ఇంటికైతే 2021 ఏప్రిల్ నుంచి 'భారత్ గృహ రక్ష' అనే పాలసీ ఉంది. వరద, తుఫాను రెండూ అందులోనే. విలువ రాయించేటప్పుడు స్థలం ధర కలపకు, మళ్లీ కట్టడానికి ఎంతవుతుందో అదే రాయించు. సామాన్లకి ఇంటి విలువలో 20 శాతం, 10 లక్షలు మించకుండా, దానంతటదే వస్తుంది. కోడలి బంగారం అందులో రాదు, విడిగా అడగాలి.

ఇక మీ నాన్న సంగతి. నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావు, నీకెవరూ సరిగ్గా చెప్పి ఉండరు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను వచ్చింది. వంశధార నీళ్లు మీ పాత ఇంట్లో మోకాటి లోతు నిలిచాయి. పాలసీ ఉంది, ప్రీమియం కట్టాడు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. దారుల్లో చెట్లు పడిపోయి, నష్టం లెక్కకట్టే బీమా సర్వేయర్ రావడం ఆలస్యమైంది. ఈలోగా బావ కూలీల్ని పెట్టి బురద ఎత్తించేశాడు. ఉబ్బిన మంచాలు, బీరువా, తడిసిన ఫ్రిజ్ పాత ఇనుము వాడికి ఇచ్చేశాడు. గోడల మీద నీటి గుర్తు కనపడకుండా సున్నం కొట్టించాడు. ఒక్క ఫోటో లేదు. సర్వేయర్ వచ్చి, "నష్టం ఎక్కడండీ?" అన్నాడు. వచ్చింది సున్నం ఖర్చుకి కాస్త ఎక్కువ.

నేను చెడామడా తిట్టాను. ఆయనేమీ అనలేదు. తర్వాత మీ అమ్మ చెప్పింది: ఆ గుర్తు చూసి మీ నాయనమ్మ గడప తొక్కనందిట. ఆవిడ ఏడుపు చూడలేక చేశాడు. ఆ మాట విన్నాక నాకింక తిట్టడానికి నోరు రాలేదు.

కాబట్టి నీళ్లు తగ్గిన వెంటనే బీమా కంపెనీకి ఫోన్ చెయ్యి. ప్రతి గదిలో, గోడ మీద గుర్తు దగ్గర ఒక కొలబద్ద పెట్టి ఫోటోలు తియ్యి. పాడైన సామాన్లు సర్వేయర్ చూసేదాకా పెరట్లో ఉంచు. కంపు కొడితే కొట్టనీ. వాళ్లు అన్యాయం చేశారనిపిస్తే ముందు వాళ్లకే రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యి. అప్పటికీ తేలకపోతే హైదరాబాద్‌లో ఇలాంటి గొడవలు తేల్చే బీమా అంబుడ్స్‌మన్ ఉన్నాడు, ఫీజు లేదు.

సర్కారు సాయం మీద ఆశ పెట్టుకోకు. ఉద్యోగంలో ఉండగా ఆ సాయం లిస్టులు రాసిన చేత్తోనే చెబుతున్నాను. 2022లో కేంద్రం ఇచ్చిన లెక్క ప్రకారం పూర్తిగా కూలిన ఇంటికి మైదాన ప్రాంతంలో లక్షా 20 వేలు, కొంత దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500. 2024లో విజయవాడ మునిగినప్పుడు రాష్ట్రం కింది అంతస్తు ఇళ్లకి 25 వేలు ఇచ్చింది, అది అప్పటి నిర్ణయం. ఎంతైనా రానీ, వార్డు సచివాలయంలో అంటించే జాబితాలో నీ పేరు ఉందో లేదో నువ్వే వెళ్లి చూసుకో. పేరు లేదని గడువు దాటాక వచ్చినవాళ్లకి నేనేమీ చెయ్యలేకపోయేవాణ్ణి.

మన పెద్ద తుఫాన్లు చాలావరకు దసరాకి అటూ ఇటూ వచ్చేవే. ఆలోగా పాలసీ తీసుకుని కాపీ నాకు వాట్సాప్‌లో పెట్టు. అన్నట్టు, ఆ ఇంటి అరుగు రోడ్డు కన్నా ఎంత ఎత్తుంది? మీ అమ్మనడిగితే "బాగానే ఉంది" అంది. బాగానే అంటే ఎన్ని అడుగులురా?

మీ మావయ్య