జలపాతానికి ఒక నెల, జంతువులకు ఇంకో నెల: విక్టోరియా, సఫారీ ప్రయాణంపై పాఠకుల ప్రశ్నలు

*ఇద్దరం టీచర్లం. పిల్లలకు పన్నెండేళ్లు, తొమ్మిదేళ్లు. విక్టోరియా జలపాతం, సఫారీ రెండూ ఒకే ప్రయాణంలో చూడాలని ఉంది. వానలు పడ్డాకే జలపాతం బాగుంటుంది కదా, దసరా సెలవుల్లో పోదామని మావారు అంటున్నారు. ఎండాకాలం సెలవులు మంచివా, దసరానా?*
— ఒక పాఠకురాలు, హనుమకొండ

బొగత, కుంతాల లెక్క అక్కడ పనికిరాదండీ. మన దగ్గర జూలైలో గట్టి వాన పడితే ఆ వారంలోనే బొగత దుముకుతుంది. జాంబియా, జింబాబ్వే సరిహద్దులో ఉన్న విక్టోరియాకు నీళ్లు తెచ్చే జాంబేజీ నది వాయవ్య జాంబియాలో పుట్టి, అంగోలా మీదుగా చాలా దూరం తిరిగి వస్తుంది. అక్కడ వానలు నవంబరు నుంచి మార్చి దాకా. ఆ వరద దారిలో బరోట్సే మైదానాల్లో పరుచుకుని, నెమ్మదిగా కిందికి దిగుతుంది. అందుకే వానలు ఆగిపోయాక, ఏప్రిల్ ప్రాంతంలో జలపాతం నిండుగా ఉంటుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో బాగా సన్నబడుతుంది.

జంతువుల సంగతి దీనికి తలకిందులు. వానల్లో అడవంతా పచ్చగా ఉంటుంది, ఎక్కడ చూసినా నీళ్లే. జంతువులు చెల్లాచెదురైపోతాయి, గడ్డి ఎత్తుగా పెరిగి పక్కనే సింహం పడుకున్నా కనబడదు. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా గుంటలెండిపోయి, ఉన్న కాసిన్ని నీళ్ల దగ్గరికే అన్నీ చేరతాయి. అంటే జలపాతం బ్రహ్మాండంగా ఉన్నప్పుడు సఫారీ పలచన, సఫారీ బ్రహ్మాండంగా ఉన్నప్పుడు జలపాతం పలచన. రెండూ సగం సగమైనా దక్కేది జూన్ నుంచి ఆగస్టు మధ్య.

మీ సెలవులకు అన్వయిస్తే మే చివరి వారం, జూన్ మొదటి వారం మా ఎంపిక. ఏప్రిల్‌లో వెళితే నీళ్లు మరీ ఎక్కువై, తుంపర తెరలా లేచి ఎదుటనున్న జలపాతమే కనబడదు. 1,708 మీటర్ల వెడల్పు, 108 మీటర్ల ఎత్తు ఉన్న ధార ముందు నిలబడి తెల్లటి పొగను మాత్రమే చూసి వచ్చేవాళ్లు చాలామంది. మే చివరికి ఆ తెర పలచబడుతుంది, ధార మాత్రం ఇంకా బలంగానే ఉంటుంది. బడులు తెరిచేలోగా ఇల్లు చేరవచ్చు. అయితే అది అక్కడ చలికాలం. తెల్లవారుజామున పైకప్పు లేని జీపులో కూర్చుంటే మన జనవరి చలి కూడా దాని ముందు దిగదుడుపే. పిల్లలకు కోటు, చెవులు మూసే టోపీ తప్పనిసరి.

దసరాకే వెళ్లాల్సి వస్తే దాన్ని సఫారీ యాత్ర అనుకుని వెళ్లండి, జలపాతం కొసరు. అప్పుడు జింబాబ్వే వైపు నుంచే చూడండి. జాంబియా వైపు చాలా భాగం ఎండి, రాతి గోడ కనబడుతుంది. జింబాబ్వే వైపు ప్రధాన ధార ఏడాది పొడవునా పడుతుంది. ఎండ 35 డిగ్రీలు దాటుతుంది కానీ మనవాళ్లకు అదో లెక్క కాదు. సంక్రాంతి సెలవులను మాత్రం వదిలేయండి.

*ఏజెంటు ఇచ్చిన ప్లాను ఇది: జింబాబ్వేలో దిగి జలపాతం చూడటం, ఒక రోజు బోట్స్వానాలోని చోబే పార్కుకు వెళ్లి సాయంత్రానికి వాపసు, మర్నాడు వంతెన దాటి జాంబియా వైపు జలపాతం చూసి మళ్లీ జింబాబ్వేకు. ఒక్క వీసా సరిపోతుందని అంటున్నాడు. నిజమేనా?*
— ఒక పాఠకుడు, కరీంనగర్

ఏ వీసా అన్నది అడగండి. మీ ప్లానులో జింబాబ్వేలోకి మూడుసార్లు ప్రవేశిస్తున్నారు. పొద్దున చోబేకు వెళ్లి సాయంత్రం వచ్చినా అది దేశం విడిచి మళ్లీ రావడమే. ఒకే ప్రవేశానికి ఇచ్చిన వీసా మీరు సరిహద్దు దాటగానే అయిపోయినట్టు. సాయంత్రం కజుంగులా చెక్‌పోస్టు దగ్గర మళ్లీ వీసా డబ్బులు కట్టాల్సి రావచ్చు, లేదా అక్కడే ఆగిపోవచ్చు. ఈ ప్రాంతానికి వెళ్లేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

జాంబియా, జింబాబ్వే కలిసి ఇచ్చే కాజా యూనివీసా అని ఒకటుంది. ముప్పై రోజులు చెల్లుతుంది, రెండు దేశాల మధ్య ఎన్నిసార్లైనా తిరగవచ్చు, కజుంగులా మీదుగా బోట్స్వానాకు ఒక పగలు వెళ్లి రావడానికీ పనికొస్తుంది. అయితే బోట్స్వానా వీసా నిబంధన వేరే, దాన్ని విడిగా చూసుకోవాలి. ఏ పాస్‌పోర్టుకు ఏ వీసా ఇస్తారన్న జాబితాలు తరచూ మారుతుంటాయి. టికెట్ డబ్బు కట్టే ముందు మూడు దేశాల ఇమ్మిగ్రేషన్ శాఖల అధికారిక సైట్లు చూడండి. పాత యూట్యూబ్ వీడియోను నమ్ముకోవద్దు.

అసలు ఆ తిరకాసే లేకుండా దారి మార్చుకోవచ్చు. విక్టోరియా ఫాల్స్ విమానాశ్రయంలో దిగి జింబాబ్వే వైపు చూడండి. అక్కడి నుంచి రోడ్డు మీద బోట్స్వానాలోని కసానే ఊరికి వెళ్లి, పక్కనే ఉన్న చోబేలో మూడు రాత్రులుండండి. తర్వాత 2021లో తెరిచిన కజుంగులా వంతెన మీదుగా జాంబియాలోకి వచ్చి, లివింగ్‌స్టన్ నుంచి తిరుగు విమానం ఎక్కండి. మూడు దేశాలు, ఒక్కో దాంట్లోకి ఒక్కసారే. ఏజెంట్లు దీన్ని చెప్పరు, ఎందుకంటే ఒకే హోటల్లో అన్ని రాత్రులూ బుక్ చేయడం వాళ్లకు సులువు.

*కవ్వాల్ అడవికి ఎన్నిసార్లు వెళ్లినా జింకలు తప్ప ఏమీ కనబడలేదు. అంత ఖర్చు పెట్టి అక్కడికి వెళ్లినా అంతేనా? ఏ పార్కు, ఎన్ని రోజులు?*
— ఒక పాఠకుడు, మంచిర్యాల

కవ్వాల్ టేకు అడవి, చూపు ఇరవై ముప్పై గజాలు దాటదు. అక్కడివి చాలావరకు గడ్డి మైదానాలు, పలచటి చెట్లు. జంతువుల సంఖ్యా ఎక్కువే. పులి మాత్రం ఆఫ్రికా అడవుల్లో లేదు, చిరుతలున్నాయి.

పార్కును నెల బట్టి ఎంచుకోవాలి. మే, జూన్ అయితే చోబే. అక్కడ నది ఎండదు కాబట్టి మధ్యాహ్నం పడవలో కూర్చుంటే ఏనుగుల మందలు నీళ్లకు దిగడం, నీటి గుర్రాలు, మొసళ్లు దగ్గరగా కనబడతాయి. ఖడ్గమృగాన్ని అక్కడ ఆశించకండి. ఆగస్టు నుంచి అక్టోబరు అయితే జింబాబ్వేలోని హ్వాంగే మేలు. 14 వేల చదరపు కిలోమీటర్లు దాటిన ఆ పార్కులో ఏడాదంతా పారే నది లేదు. వానల్లేని ఆ నెలల్లో బోర్ల నీళ్లను గుంటల్లోకి పంపు చేస్తారు, జంతువులన్నీ వాటి చుట్టూ చేరతాయి. అక్కడ జీపులో చక్కర్లు కొట్టడం కన్నా ఒక గుంట దగ్గర ఇంజను ఆపి రెండు గంటలు కూర్చోవడం లాభం. అదే హ్వాంగే మే నెలలో అయితే సహజమైన గుంటల్లో ఇంకా వాన నీళ్లుంటాయి, మీకు మళ్లీ కవ్వాల్ అనుభవమే.

ఎన్ని పార్కులన్నది కాదు, ఒకే చోట కనీసం మూడు రాత్రులు. రోజుకు రెండు సఫారీలు, తెల్లవారుజామున ఒకటి, మూడున్నర నాలుగు గంటలకు ఇంకొకటి. మూడు రాత్రులకు ఐదారు వస్తాయి, ఒకటి రెండు వట్టిపోయినా నష్టం లేదు. చోబేకు పొద్దున పోయి సాయంత్రం వచ్చే ప్యాకేజీలో సరిహద్దు క్యూలే సగం రోజు తింటాయి. జంతువులు చురుగ్గా తిరిగే తొలి వెలుగు వేళకు మీరు ఇంకా వ్యానులోనే ఉంటారు.

*నాన్నకు 66 ఏళ్లు, బీపీ ఉంది. ఆఫ్రికా అంటే సూది వేయించుకోవాలంటున్నారు. దుబాయ్‌లో పనిచేసే తమ్ముడు అక్కడి నుంచి కలుస్తాడు. టికెట్లు ఎట్లా తీసుకోవాలి?*
— ఒక పాఠకుడు, జగిత్యాల

సూది అంటే ఎల్లో ఫీవర్ టీకా. ఇది మీ టికెట్‌తో ముడిపడి ఉంది. ఇథియోపియా, కెన్యా ఆ జ్వరం ఉన్న దేశాలు. అడిస్ అబాబా, నైరోబీ మీదుగా వెళితే కౌంటర్లలో సర్టిఫికెట్ అడగవచ్చు. మామూలు వయసువాళ్లు వేయించుకోవడమే సుఖం. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. పది రోజులు దాటాకే సర్టిఫికెట్ చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం. కానీ అరవై దాటినవాళ్లకు మొదటిసారి ఈ టీకా వేస్తే, అరుదుగానైనా తీవ్రమైన దుష్ప్రభావాలు వచ్చే అవకాశం ఎక్కువ. కాబట్టి మీ నాన్నగారికి దుబాయ్, జొహానెస్‌బర్గ్ మీదుగా విక్టోరియా ఫాల్స్ చేరే దారి మంచిది. ఆ దారిలో ఆ జ్వరం ఉన్న దేశం లేదు. మీ తమ్ముడు కలవడానికీ అదే అనువు.

అయితే టికెట్ మొత్తం ఒకే బుకింగ్‌లో ఉండాలి. చౌక అని జొహానెస్‌బర్గ్ దాకా ఒకటి, అక్కడి నుంచి వేరే ఒకటి కొంటే సామాను తీసుకోవడానికి బయటికి రావాలి. బయటికి రావాలంటే దక్షిణాఫ్రికా వీసా ఉండాలి. అది లేదని ఇక్కడ శంషాబాద్‌లోనే విమానం ఎక్కనివ్వరు. మీ తమ్ముడు దుబాయ్ నుంచి విక్టోరియా ఫాల్స్ దాకా తన టికెట్ తను తీసుకుని, మీ విమానమే ఎంచుకుంటే చాలు. గల్ఫ్‌లో ఉన్నవాళ్ల పాస్‌పోర్టులు ముద్రలతో నిండిపోయి ఉంటాయి. ఖాళీ పేజీలు మూడు నాలుగైనా ఉన్నాయా, గడువు ఆరు నెలలకు పైన ఉందా చూసుకోమనండి.

టీకా కన్నా పట్టించుకోవాల్సింది మలేరియా. జలపాతం, చోబే, హ్వాంగే మూడూ మలేరియా ప్రాంతాలే, అదీ మన ఏజెన్సీ ఊళ్లలో మెదడుకెక్కుతుందని భయపడే ఫాల్సిపేరం రకం. క్లోరోక్విన్ అక్కడ పనిచేయదు. డాక్టర్లు రాసే మందుల్లో అటోవాక్వోన్-ప్రొగ్వానిల్‌ను బయల్దేరే ముందు ఒకటి రెండు రోజుల నుంచి మొదలుపెట్టి, ఆ ప్రాంతం వదిలాక ఇంకో ఏడు రోజులు రోజూ వేసుకోవాలి, అదీ తిండితో. డాక్సీసైక్లిన్ అయితే వదిలాక నాలుగు వారాలు. ఇంటికొచ్చాం కదా అని మధ్యలో మానేయడమే ఎక్కువమంది చేసేది. బీపీ మందుల చీటీ, కిడ్నీ రిపోర్టు డాక్టరుకు చూపించే రాయించుకోండి. తిరిగొచ్చిన మూడు నెలల్లో ఎప్పుడు జ్వరమొచ్చినా వైరల్ అనుకోకుండా, ఆఫ్రికా వెళ్లొచ్చామని చెప్పి ఆ రోజే రక్త పరీక్ష చేయించాలి.

*శాకాహారులం. సకినాలు, తొక్కులు తీసుకుపోవచ్చా? బట్టలు ఎట్లాంటివి?*
— ఒక పాఠకురాలు, భూపాలపల్లి

సకినాలు, గారెప్పలు, పొడులు చెక్-ఇన్ సామానులో పెట్టుకోండి. నెయ్యి, పాలకోవా వద్దు. పశువుల గాలికుంటు వ్యాధి భయంతో బోట్స్వానా దారుల్లో చెక్‌పోస్టులు పెట్టి మాంసం, పాల పదార్థాలు తీసేసుకుంటారు, చెప్పుల అడుగులు మందునీళ్లలో ముంచమంటారు. లాడ్జిలకు బుకింగ్ రోజునే శాకాహారమని రాసి, గుడ్డు తింటారో లేదో కూడా చెప్పండి. అడవి మధ్యలో అప్పటికప్పుడు కూరగాయలు తేలేరు. జలపాతం ఊళ్లో తినుబండారాలు చేతిలో పట్టుకుని నడవకండి, బబూన్లు లాక్కుపోతాయి.

బట్టల్లో మిలిటరీ మచ్చల (కామోఫ్లాజ్) పంట్లాలు, టోపీలు అసలే వద్దు. జింబాబ్వేలో మామూలు జనం వాటిని వేసుకోవడం నేరం. పిల్లల బట్టల్లోనూ ఆ డిజైన్ లేకుండా చూసుకోండి. మట్టి రంగు, బూడిద రంగు మేలు. లాడ్జికి చిన్న విమానంలో వెళ్లేదుంటే గట్టి సూట్‌కేసులు ఎక్కించుకోరు, మెత్తటి సంచులే, చేతి సామానుతో కలిపి పదిహేను నుంచి ఇరవై కిలోలు. జలపాతం దగ్గర ఫోనుకు నీళ్లు చొరని కవరు, రెయిన్‌కోటు, జారని అడుగున్న చెప్పులు కావాలి. గొడుగు ఎందుకూ పనికిరాదు, తుంపర కింది నుంచి పైకి వస్తుంది.

*జూలైలో మసాయ్ మారాలో జంతువుల వలస, విక్టోరియా రెండూ ఎనిమిది రోజుల్లో కుదురుతాయా?*
— ఒక పాఠకుడు, నిజామాబాద్

కుదరవు. మారా కెన్యాలో ఉంది, జలపాతానికి సుమారు రెండు వేల కిలోమీటర్లు. రాకపోకలకే నాలుగు రోజులు పోతాయి. వలస మందలు మారా నది దాటే రోజును ఎవరూ ముందే చెప్పలేరు, అక్కడే కనీసం నాలుగు రాత్రులుండాలి. పన్నెండు రోజులు దొరికితే ఆలోచించండి, అప్పుడు ఎల్లో ఫీవర్ టీకా తప్పదు.