లెక్క అడిగారు, బాగోగులు అడగలేదు

ప్రశ్న: నాకు అరవై ఏళ్లు. బెంగళూరులో ముప్పై ఏళ్లకు పైగా రివర్స్ ఇంజనీరింగ్ చేశాను. అంటే సోర్స్ కోడ్ చేతిలో లేని ప్రోగ్రాములను విప్పి, లోపల ఏం జరుగుతోందో కనిపెట్టడం. ఎక్కువగా వైరస్‌లు. రిటైరై తిరుపతిలో సొంతింటికి చేరాను. ఇన్నేళ్లూ ఇతరులు రాసింది చదవడమే తప్ప, నాదంటూ నిర్మించింది ఏమీ లేదనిపిస్తోంది. అనుభవాలు పుస్తకంగా రాస్తుంటే అదీ సాగడం లేదు. పాకాల దగ్గర మా ఉమ్మడి మామిడి తోటను తమ్ముడు చూసుకుంటాడు. 2025 కాపు లెక్క అడిగినప్పటి నుంచి ఫోను ఎత్తడం లేదు. వాడి తీరు గమనిస్తే నా మీద అసూయ అని తేలింది. నా జీవితం వృథా అయిందా?
- ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: కాలేదు. 2017 మే నెలలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు మన చిత్తూరు జిల్లా పోలీసుల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. దాని దూకుడుకు కళ్లెం వేసింది బ్రిటన్‌లోని ఒక కుర్రవాడు. ఆ వైరస్ ఎవరూ కొనుక్కోని ఒక వెబ్ చిరునామా కోసం వెతుకుతోందని గమనించి, ఆ పేరు తన పేరిట నమోదు చేయించాడు. ఆ చిరునామా పలకగానే వైరస్ తన పని ఆపేసేది, దాంతో వ్యాప్తి చాలావరకు ఆగిపోయింది. అతడు చేసింది మీ పనే. నిర్మించినవాడే గొప్పవాడైతే, వన్నాక్రై రాసినవాడికి కూడా శాలువా కప్పాలి. పుస్తకం రాయాలనిపిస్తే రాయండి, లేదంటే మానేయండి. దానికి నా సలహా ఎందుకు?

మీ ఉత్తరం చాలా పెద్దది, ఇక్కడ కుదించి వేశాం. 1992 మార్చి 6న మైకెలాంజిలో వైరస్ డిస్కులన్నీ తుడిచిపెడుతుందన్న హడావిడి, డాస్ డీబగ్‌లో, డిస్కు మొదట్లో ఉండే 512 బైట్ల బూట్ సెక్టర్‌ను ఒక్కో బైటూ కాగితం మీద రాసుకుని చదవడం, 2019లో అమెరికా నిఘా సంస్థ ఎన్ఎస్ఏ ప్రోగ్రాములను విప్పి చూసే తన సాధనం గిడ్రాను ఉచితంగా విడుదల చేస్తే చిన్నపిల్లాడిలా రాత్రంతా కూర్చోవడం, అన్నీ పేజీలకు పేజీలు రాశారు. సగమే అర్థమైనా ఇష్టంగా చదివాను. ఆ పేజీల మధ్య ఎక్కడో ఒక వాక్యం ఉంది: 'అమ్మ చివరి రోజుల్లో మంచం పట్టింది, వాళ్లే చూసుకున్నారు.' అంతే. మళ్లీ డిస్కుల కథ.

'వాళ్లు' అంటే ఎవరండీ? మీ తమ్ముడు, మీ మరదలు. మంచం పట్టిన మనిషికి వేళకు ఒళ్లు తుడవడం, పక్కబట్టలు మార్చడం, పుండ్లు పడకుండా పక్కకు తిప్పడం అంటే ఏమిటో చేసినవాళ్లకే తెలుస్తుంది. మీరు డబ్బు పంపి ఉంటారు, కాదనను. అయినా పెద్దకొడుకుగా మీరు చేయవలసిన పనిని పరాయి ఇంటి నుంచి వచ్చిన ఆ అమ్మాయి చేసింది. ఆమె పేరు కూడా మీ ఉత్తరంలో లేదు.

ఇక ఆ లెక్క. మీరు అడిగింది ఏ సంవత్సరం లెక్క? 2025లో తోతాపురి ధర పడిపోయి, కిలోకు ఫ్యాక్టరీ ఎనిమిది రూపాయలు ఇవ్వాలి, ప్రభుత్వం నాలుగు కలపాలి అని నిర్ణయించే దాకా వచ్చింది. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరాయి, కాయ బండ్ల మీదే మెత్తబడింది. ఆ బారులో నిలబడి వచ్చిన మనిషికి అన్న ఫోను చేసి 'ఎంత నష్టపోయావురా' అనకుండా 'నా వాటా ఎంత' అంటే, మళ్లీ ఫోను ఎత్తుతాడా? నేనైతే ఎత్తను.

అసూయ అని తేలిందట! ఎవరు తేల్చారు? రాసినవాడిని అడిగే వీలు లేనప్పుడే కదా మీ విద్య అవసరం. 1986లో లాహోర్ నుంచి వచ్చిన బ్రెయిన్ వైరస్‌లో దాన్ని రాసినవాళ్లు తమ పేర్లు, చిరునామా, ఫోను నంబరు కూడా పెట్టారని, 'ఇక ఊహించే పనేముంది' అని మీరే చమత్కరించారు. (ఆ ఇద్దరూ అన్నదమ్ములే, అన్నట్టు.) మీ తమ్ముడి ఇల్లు గంట ప్రయాణం. వెళ్లి అడగకుండా తిరుపతిలో కూర్చుని అతని మనసును బైట్లు బైట్లుగా విప్పుతానంటే ఎలా?

వెళ్లండి, మీ ఆవిడను కూడా తీసుకెళ్లండి. మొదట మరదలితో మాట్లాడండి. 'అమ్మకు నువ్వు చేసింది నేను చేయలేకపోయానమ్మా' అని ఆ ఒక్క మాట తమ్ముడి ఎదుటే అనండి. అరవై ఏళ్ల మనిషికి అందులో పరువు పోయేదేమీ లేదు. తర్వాత తోటలోకి వెళ్లి చెట్లు చూడండి, మందులకూ కూలీలకూ ఎంత అవుతోందో వినండి, మధ్యలో సలహాలు ఇవ్వకండి. డబ్బు కవరు అసలే వద్దు. కవరు చూస్తే వాళ్లు ఇంకోలా అర్థం చేసుకుంటారు, అందులో వాళ్ల తప్పేమీ ఉండదు.

వాటా సంగతి ఆ రోజు ఎత్తకండి. నాలుగు రాకపోకలు అయ్యాక, నిజంగా మీకు ఆ ఆదాయం అవసరమైతే కూర్చుని పంపకం చేసుకుని రిజిస్టర్ చేయించుకోండి. మీ భాగం కౌలుకు అతనే చేస్తాడేమో అడగండి. అవసరం లేకపోతే అతని పేరిట రాసిచ్చేయండి, కానీ దానం చేస్తున్న ముఖం పెట్టకండి. అది అమ్మను చూసుకున్న ఇంటికి చెందవలసినదే అని నా నమ్మకం, చట్టం ఏమన్నా సరే.

పండగకు వెళదాంలే అనుకుని సంక్రాంతి దాకా ఆగకండి. కనుమ నాడు ఆ ఇంటి నిండా చుట్టాలు ఉంటారు, మరదలు వంటింట్లో నుంచి బయటికి రాదు.