ఫైనల్ లేని ప్రపంచ కప్

ప్రశ్న: నాలుగు బడుల ఫుట్‌బాల్ పోటీ పెడుతున్నాం. మూడు రోజులు, ఒకే మైదానం. ఫైనల్ లేకుండా పాయింట్లతోనే కప్పు ఇవ్వొచ్చా? ప్రపంచ కప్‌లోనూ ఒకసారి అలా జరిగిందంటారు, నిజమేనా?
– ఒక పీఈటీ, తిరుపతి

జవాబు: నిజమే. 1950లో బ్రెజిల్‌లో జరిగిన కప్పుకి ఫైనల్ లేదు. చివరి నాలుగు జట్లు ఒకదానితో ఒకటి ఆడాయి. గెలిస్తే 2 పాయింట్లు, డ్రా అయితే 1. బ్రెజిల్ స్వీడన్‌ని 7–1తో, స్పెయిన్‌ని 6–1తో చిత్తు చేసి 4 పాయింట్లతో ఉంది. ఉరుగ్వే స్పెయిన్‌తో 2–2 డ్రా చేసుకుని, స్వీడన్‌పై 3–2తో గట్టెక్కి 3 దగ్గర ఆగింది. జులై 16న మరకానా స్టేడియంలో ఉరుగ్వేతో ఆటలో బ్రెజిల్‌కి డ్రా చాలు. టిక్కెట్టు కొన్నవాళ్లే 1,73,850 మంది. 47వ నిమిషంలో బ్రెజిల్ ఆటగాడు ఫ్రియాసా గోల్, 66లో ఉరుగ్వే ఆటగాడు స్కియాఫినో సమం. అప్పటికీ కప్పు బ్రెజిల్‌దే! 79లో ఉరుగ్వే తరఫున గిగ్గియా కొట్టాక గానీ కథ మారలేదు. 2–1తో కప్పు ఉరుగ్వేది.

అయితే చివరి రోజు మ్యాచే కప్పు తేల్చడం అదృష్టం, పద్ధతి గొప్పతనం కాదు. స్వీడన్‌తో ఆటలో సగానికి ఉరుగ్వే 1–2తో వెనకబడి ఉంది. అక్కడే ఓడి ఉంటే చివరి రోజుకి దానికి కప్పు ఆశే మిగిలేది కాదు.

మీకు ఆరు మ్యాచ్‌లు: తొలి రోజు అ–ఆ, ఇ–ఈ, రెండో రోజు అ–ఇ, ఆ–ఈ, మూడో రోజు అ–ఈ, ఆ–ఇ. గట్టి జట్లు రెండూ ఏవో తెలిస్తే వాటిని అ, ఈ స్థానాల్లో వేయండి. 25 నిమిషాల చొప్పున రెండు సగాలు, నడుమ 10 నిమిషాలు. ఉదయం 7కి ఒకటి, 8.15కి రెండోది పెడితే మన ఎండ ముదిరేలోపు పిల్లలు ఇళ్లకు చేరతారు.

చిక్కల్లా మూడో రోజే. రెండో మ్యాచ్ ఆడేవాళ్లకి తమకెంత స్కోరు చాలో ముందే తెలిసిపోతుంది. 1982 ప్రపంచ కప్‌లో, స్పెయిన్‌లోని హిఖోన్‌లో జరిగిందదే. అదే గ్రూపులోని అల్జీరియా ఆటలు ముందు రోజే అయిపోయాయి. పశ్చిమ జర్మనీ 1–0తో గెలిస్తే తామిద్దరూ ముందుకెళ్తామని ఆస్ట్రియాకీ తెలుసు. 10వ నిమిషంలో గోల్ పడ్డాక మిగతాదంతా బంతి అటూ ఇటూ తోసుకోవడమే. 1986 నుంచి గ్రూపు ఆఖరి మ్యాచ్‌లు ఒకే సమయానికి పెడుతున్నారు. మీరూ ఆ ఒక్క రోజుకి పక్క బడి మైదానం అడగండి. పాయింట్లు సమమైతే ఏది చూడాలో (ముఖాముఖి ఫలితం, గోల్స్ తేడా, కొట్టిన గోల్స్, చివరికి చీటీ) తొలి రోజే కాగితం మీద రాసి కెప్టెన్ల సంతకాలు తీసుకోండి. తర్వాత చెబితే గొడవే.

ప్రశ్న: ఆ 1950 కప్పుకి మన జట్టు బూట్లు లేకే వెళ్లలేదా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: కాదు. అర్హత పోటీలో ప్రత్యర్థులు తప్పుకోవడంతో మనకు చోటు దొరికింది; ఇటలీ, స్వీడన్, పరాగ్వే ఉన్న గ్రూపులో పడ్డాం. సాధనకు సమయం చాలలేదని, జట్టు ఎంపికలో విభేదాలని మన సమాఖ్య చెప్పింది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతో ఆడటంతో ఈ బూట్ల కథ అతుక్కుపోయింది.

ప్రశ్న: బ్రెజిల్‌కి పసుపు చొక్కా ఎప్పుడొచ్చింది?
– ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: 1950లో వేసుకున్నది తెల్లది. ఆ ఓటమి తర్వాత అది అచ్చిరాలేదన్నారు. 1953లో ఒక పత్రిక పోటీ పెట్టింది. జెండాలోని నాలుగు రంగులూ ఉండాలన్నది షరతు. పసుపు చొక్కా గీసి గెలిచిన అల్దీర్ ష్లే పుట్టింది ఉరుగ్వే సరిహద్దు ఊళ్లో. అతని అభిమానమూ ఉరుగ్వే జట్టుమీదే!