ఇంజిను విప్పేముందు, మేనల్లుడికి

జయపురం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మొన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసింది. "వీడు మారుతి ఎస్టీమ్ కారుకు టర్బో పెడతాడట, నువ్వైనా చెప్పు" అంది. గాలిని నొక్కి ఇంజినులోకి పంపి బలం పెంచే ఆ టర్బోను వద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు. సెలవుల్లో వచ్చి నా షెడ్డులో స్పానర్లను సైజుల వారీగా పేర్చిపెట్టే పిల్లవాడు ఈరోజు రాయగడలో సొంతంగా ఇంజిను విప్పుతున్నాడంటే నాకెంత సంతోషమో నీకు తెలియదు. కానీ నువ్వు పంపిన ఫోటో చూశాక మాత్రం మనసు నిలవలేదు. టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌ను గ్రిల్లు మొత్తం కప్పేసేంతది కొన్నావు. అందుకే ఫోనులో కాకుండా రాసి పంపుతున్నాను. దాచుకుని రెండుసార్లు చదువు.

ముందు చిన్న మాటలు. బండిలో మార్పు చేయాలంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, రవాణా కార్యాలయంలో అడగకుండా ఒక్క బోల్టు కూడా ముట్టుకోకు. బీమా వాళ్ళకూ చెప్పు. టర్బోకు వెళ్ళే ఆయిల్ పైపు కొత్తదే వేయి. నీ ఇంజిను టర్బో కోసం పుట్టింది కాదు కాబట్టి బూస్ట్, అంటే టర్బో అదనంగా ఇచ్చే గాలి ఒత్తిడి, అర బార్ దాటనీయకు.

ఆ అర బారే ఎంత వేడి పుట్టిస్తుందో లెక్క చూడు. మే నెలలో 40 డిగ్రీల గాలిని అంత నొక్కితే, టర్బో నుంచి బయటికి వచ్చేసరికి అది 90 దాటుతుంది. ఆ వేడి గాలి సిలిండర్‌లోకి పోతే పెట్రోలు తన సమయానికి ముందే అంటుకుంటుంది, లోపల టకటకా కొట్టే నాకింగ్ మొదలవుతుంది, పిస్టన్ పగులుతుంది. ఇంటర్‌కూలర్ ఉన్నది ఆ వేడిని దించడానికి. అది ఎంత పెద్దదన్నది తర్వాత సంగతి. ఎక్కడ కూర్చోబెడతావన్నదే అసలు సంగతి.

ఇంజిను పైన పెట్టి బానెట్‌కు రంధ్రం చేసే పద్ధతి ఉంది. సుబారు ఇంప్రెజా టర్బో అలాగే ఉంటుంది. పైపులు పొట్టివి, తొక్కగానే బండి అందుకుంటుంది. కానీ ఘాట్‌లో లారీ వెనక ఆగావంటే, కింద ఇంజిను సెగకు అదే కాగిపోతుంది. నీటితో చల్లబరిచే రకం చిన్న చోట ఇముడుతుంది గానీ, దానికి వేరే పంపు, వేరే చిన్న రేడియేటర్ కావాలి. పంపు ఆగిపోతే నీకు ఎవరు చెబుతారు? నా ఓటు ముందు భాగానికే. అయితే నువ్వు కొన్నదానికి కాదు.

ఎందుకో చెబుతాను. మీ అమ్మ ఇది నీకు ఎప్పుడూ చెప్పి ఉండదు.

1998 మే నెల. సాలూరులో లారీల పనివాళ్ళ దగ్గర నేర్చుకున్న చేతితో నా డీజిల్ జీపుకు టర్బో పెట్టాను. పాత లారీ నుంచి తీసిన ఇంటర్‌కూలర్‌ను రేడియేటర్ ముందు, దానికి ఆనించి బిగించాను. సరిగ్గా నీ ఫోటోలో ఉన్నట్టే. జయపురం నుంచి బొరిగుమ్మ దాకా చదును రోడ్డు మీద పరుగెత్తించి చూశాను. ఇంజిను వేడి చూపే సూది కదల్లేదు. చాలనుకున్నాను.

ఏడాది తిరిగాక, మళ్ళీ మే నెలలోనే, మీ అమ్మను ఏడో నెలలో పుట్టింటికి తీసుకువస్తున్నాను. కడుపులో ఉన్నది నువ్వే. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కుతున్నాం. ముందు లారీ, రెండో గేరు, మనిషి నడిచినంత వేగం. బండి ముందు గాలి లేదు. టర్బో మాత్రం నిండుగా నొక్కుతోంది. రేడియేటర్‌కు అందుతున్న కాస్త గాలీ ఇంటర్‌కూలర్ వేడిని మోసుకునే వస్తోంది. నేను మలుపులు చూస్తున్నాను, సూదిని చూడలేదు. బానెట్ కింద నుంచి ఆవిరి లేచాక ఆపాను.

ఆపి ఊరుకున్నా బాగుండేది. కంగారులో గుడ్డ చుట్టి రేడియేటర్ మూత తిప్పాను. ఎడమ ముంజేయి మీద ఉన్న మచ్చ అదే. చిన్నప్పుడు నువ్వు అడిగితే వెల్డింగ్ అని చెప్పాను. మీ అమ్మ ఒక్క మాట అనలేదు. బండి దిగి, తను తాగడానికి తెచ్చుకున్న మరచెంబులోని నీళ్ళన్నీ నా చేతి మీద పోసింది. ఆ ఎండలో, ఆ నెలలో, ఆమెకు గుక్కెడు కూడా మిగల్లేదు. సాలూరు లారీ ఒకటి ఆగి మమ్మల్ని ఎక్కించుకునేదాకా రోడ్డు పక్క రాయి మీద కూర్చుంది. ఇప్పటికీ ఆ మలుపు దగ్గర నేను బండి ఆపలేను.

తర్వాత షెడ్డులో విప్పితే సిలిండర్ల మీద కూర్చునే హెడ్డు పగిలి ఉంది. ఇంటర్‌కూలర్ పక్కకు తీశాక రేడియేటర్ కనబడలేదు. పత్తి పింజలు, గడ్డి పరకలు, దీపపు పురుగుల రెక్కలు, ఎర్ర దుమ్ము కలిసి దాని మీద దుప్పటిలా అతుక్కుపోయి ఉన్నాయి. వేలితో అంచు పట్టుకుని లాగితే ఒకే ముక్కగా ఊడివచ్చింది. రెండింటి మధ్య బ్రష్షు దూరే సందు కూడా నేను వదల్లేదు మరి.

కాబట్టి నాయనా, చిన్నది కొను. బంపర్ వెనక, రేడియేటర్ కింది సగానికి మించి కప్పకూడదు. మధ్యలో రెండు వేళ్ళ సందు వదులు, కానీ పక్కలను రేకుతో మూయి, లేకపోతే గాలి తేలికైన దారి చూసుకుని చుట్టూ తిరిగి పోతుంది. నాలుగు బోల్టులతో ఊడి వచ్చేలా పెట్టు. వర్షాకాలం ముందు ఒకసారి, పత్తి లారీలు తిరిగే రోజులు అయ్యాక ఒకసారి విప్పి కడుగు. రేడియేటర్ వెనక మంచి కరెంటు ఫ్యాను ఉండాలి. టర్బో ఏ పక్కన ఉందో, ఇంజినులోకి గాలి వదిలే థ్రాటిల్ ఏ పక్కన ఉందో చూసి పైపులు ఎంత పొట్టిగా వస్తే అంత పొట్టిగా తిప్పు. పైపు కొసలకు ఉబ్బుగా అంచు తీయించు, నున్నటి కొస మీద క్లాంపు ఎంత బిగించినా బూస్ట్‌కు హోసు జారిపోతుంది. వేడి చూపే మీటరు స్టీరింగ్ దగ్గరే పెట్టు, దానికి బజరు కూడా కట్టు. నీ కళ్ళు మలుపు మీద ఉన్నప్పుడు చెవులైనా వినాలి.

ఇంకా బంపర్ కోయలేదు కదా? కోయకు. ఇంటర్‌కూలర్ కొలతకు అట్టముక్క కత్తిరించి తీసుకుని ఆదివారం రా. షెడ్డు తెరిచే ఉంచుతాను. పని పూర్తయ్యాక మే నెల మధ్యాహ్నం మనిద్దరం సుంకి ఎక్కుదాం, లారీ వెనకే, రెండో గేరులోనే. ఆ తర్వాతే మీ అమ్మను ఆ బండి ఎక్కించు.

నీ మామయ్య