సగం కేకు జోకు ఎందుకంత గుచ్చుకుంది?

ప్రశ్న: మాది అనంతపురం దగ్గర పల్లె. వేరుశనగ సాగు. నా పుట్టినరోజు మే 14. ఎప్పుడూ ఎండాకాలం సెలవుల్లోనే వచ్చేది కాబట్టి బడిలో ఒక్కసారీ చాక్లెట్లు పంచలేదు. డిసెంబరులో పుట్టిన అన్నకు మాత్రం కొత్త బట్టలు, కేకు అన్నీ ఉండేవి. ఇప్పుడు ఆఫీసులో స్నేహితులు "నవంబరు 14న నీకు హాఫ్ బర్త్‌డే చేస్తాం, సగం కేకు, సగం పాట" అని ఆటపట్టిస్తున్నారు. వాళ్ల ముందు నవ్వేసి, ఇంటికొచ్చి ఏడుస్తున్నాను. నాది చిన్నపిల్లల మనస్తత్వమా?

జవాబు: కాదమ్మా. బడిలో పుట్టినరోజంటే చాక్లెట్లు ఒక్కటే కాదు కదా. అందరూ యూనిఫాంలో ఉంటే మనం కలర్ డ్రెస్‌లో వెళ్లడం, పక్క క్లాసులకు పంచడానికి తోడు తీసుకెళ్తామేమోనని ముందురోజు నుంచే స్నేహితురాళ్లు కాకా పట్టడం, టీచరుకు రెండు ఎక్కువ ఇవ్వడం. ఆ దర్జా మీకు దక్కలేదు. బాధ ఉండటంలో వింతేముంది?

విదేశాల్లో కొన్ని బడుల్లో, సెలవుల్లో పుట్టిన పిల్లలు చిన్నబుచ్చుకోకుండా ఆరు నెలల తేడాతో హాఫ్ బర్త్‌డే చేస్తారు. మీ స్నేహితులకు మీ చిన్ననాటి సంగతి తెలియదు, సరదాకి అన్నారు. (నవంబరు 14 బాలల దినోత్సవం. ఆ రోజు బడిలో మీకూ మిఠాయి దొరికే ఉంటుంది!) వాళ్లలో దగ్గరి మనిషికి ఉన్నమాట చెప్పండి: "జోకులు వేసుకోండి, కానీ మేలో నా పుట్టినరోజు మరిచిపోవద్దు." చెప్పాక కూడా ఎగతాళి ఆగకపోతే అప్పుడు నొచ్చుకోండి, తప్పులేదు.

అసలు ముల్లు మీ అన్న దగ్గర ఉందనిపిస్తోంది. వేరుశనగ పండించే ఇంట్లో మే నెలంటే చేతిలో పైసా ఆడని రోజులు. ఉన్నదంతా విత్తనాలకు, సేద్యానికి, జూన్‌లో బడి పుస్తకాలకు దాచుకోవాలి. డిసెంబరుకి కాయలు అమ్మిన డబ్బు ఇంట్లో ఉంటుంది. మీ ఇంట్లో ఇదే జరిగిందని నేను చెప్పలేను, ఆడపిల్ల అనే తేడా కూడా కొంత ఉండొచ్చు. అమ్మను నిలదీయకుండా "నా పుట్టినరోజుకి ఏం చేసేదానివమ్మా?" అని అడిగి చూడండి. తలంటు పోసి ఓళిగలు చేసిన సంగతి మీకే గుర్తులేదేమో. ఏమీ చేయలేదని తేలితే, నాకు కష్టంగా ఉండేదని ఆమెకు చెప్పండి. అన్నతో గొడవ మాత్రం వద్దు. అప్పటికి అతనూ పిల్లాడే.