మోర్ బెటర్ ఎందుకు తప్పు?

ప్రశ్న: మాస్టారూ, మాది రాయగడ. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. బ్యాంకు ఇంటర్వ్యూకి తయారవుతున్నాను. ఇంగ్లీషులో విశేషణాల దగ్గరే తడబడుతున్నాను. ‘మోర్ బెటర్’ అంటే మా అక్క తప్పంటోంది. నిజమేనా?

జవాబు: మీ అక్కయ్య చెప్పింది నిజమేనమ్మా. బెటర్‌లోనే ‘ఇంకా’ అన్న అర్థం ఉంది, మళ్లీ మోర్ అక్కర్లేదు. తేడా చాలా ఉందని చెప్పాలంటే ‘మచ్ బెటర్’ అను. మనం తెలుగులో ‘కంటే’, ఒడియాలో ‘ఠారు’ తగిలిస్తే చాలు, విశేషణం మారదు. ‘అన్న కంటే పొడుగు’ అంటాం, అంతే. ఇంగ్లీషులో మాత్రం టాల్ కాస్తా టాలర్ కావాలి. బ్యూటిఫుల్ లాంటి పెద్ద మాటలకే మోర్. ఇక ‘కంటే’ అనుకోగానే నోటికి దేన్ వచ్చేస్తుంది. సీనియర్, జూనియర్ తర్వాత మాత్రం టు రావాలి. ఇక్కడ పర్లాకిమిడిలో నా దగ్గర చదువుకునే పిల్లలకీ ఇదే చిక్కు.

ఇంటర్వ్యూలో అసలు కొంప ముంచేది మరొకటుంది. ‘ఐ యామ్ బోరింగ్’ అన్నావంటే, నీతో మాట్లాడితే ఎదుటివాళ్లకి విసుగని నువ్వే చెప్పినట్టు! నీకు విసుగ్గా ఉంటే ‘బోర్డ్’ అనాలి. అలాగే ‘ఐ యామ్ ఇంట్రెస్టెడ్ ఇన్ బ్యాంకింగ్’, ఇంట్రెస్టింగ్ కాదు. టెన్షన్ పడకు. మీ అక్కయ్యని ఎదురుగా కూర్చోబెట్టుకుని రోజూ ప్రశ్నలు అడిగించుకో.