మల్బరీ, మామిడి తోటకు నాలుగు లక్షల్లో చిన్న ట్రాక్టర్

కర్ణాటకలో శిడ్లఘట్ట దగ్గర మూడెకరాలు, అందులో ఎకరం మల్బరీ, మిగతాది మామిడి, ఉద్యోగం బెంగళూరులో, చేతిలో నాలుగు లక్షలు. ఏ మినీ ట్రాక్టర్ తీసుకోవాలని అడిగారు. నేనూ కేఆర్ పురంలో ఉంటూ, సెలవు రోజుల్లో చింతామణి వైపు మా పొలం చూసుకునేవాణ్ణే, కాబట్టి చెబుతున్నా.

షోరూమ్‌కి వెళ్లేముందు టేపు తీసుకుని మల్బరీలోకి వెళ్లండి. జంట సాళ్ల పద్ధతిలో నాటి ఉంటే జంటలో సాళ్ల మధ్య మూడడుగులు, జంటకీ జంటకీ మధ్య ఐదడుగులు ఉంటాయి. ట్రాక్టర్ నడిచేది ఆ ఐదడుగుల్లోనే. ట్రాక్టర్ వెనక తగిలించి మట్టిని గుల్ల చేసే రోటవేటర్ మూడడుగులది అయితే కొమ్మలు విరగకుండా పని అవుతుంది. ట్రాక్టర్ వెడల్పు టైరు బయటి అంచు నుంచి అంచు వరకు మీరే కొలవండి, బ్రోచర్‌ని నమ్మొద్దు. పాత పద్ధతిలో అన్ని వైపులా మూడడుగులే ఉంటే ట్రాక్టర్ మాట మరిచిపోండి, చేత్తో నడిపే కలుపు యంత్రం, పవర్ వీడర్ చాలు. మామిడిలో వెడల్పుతో పేచీ లేదు, సైలెన్సర్ పైకి నిటారుగా ఉంటేనే కొమ్మలకు తగులుతుంది.

15 హెచ్‌పీ సింగిల్ సిలిండర్ బండి మీ బడ్జెట్‌లో కొత్తదే వస్తుంది. కానీ తడి పెట్టిన మల్బరీలో రోటవేటర్ దింపితే వెనక చక్రాలే లాగే టూ వీల్ డ్రైవ్ అయితే జారుతుంది. నా ఓటు 24 హెచ్‌పీ దగ్గర ఉన్న ఫోర్ వీల్ డ్రైవ్‌కే. మహీంద్రా జీవో, కుబోటా నియోస్టార్ చూడండి, మన బెంగళూరు కంపెనీ వీఎస్‌టీ బండ్లు కూడా. నన్నడిగితే బ్రాండ్ కన్నా మీ ఊరికి మెకానిక్ ఎంతసేపట్లో వస్తాడన్నదే ముఖ్యం. దుక్కి రోజుల్లో బండి ఆగితే ఆ టెన్షన్ ఇక్కడ ఆఫీసులో కూర్చుని పడలేం.

డబ్బు దగ్గర ఒక మాట. మేం తిరిగిన షోరూముల్లో ఒకచోట చెప్పిన ధరలో రోటవేటర్ లేదు, గొర్రు లేదు, రిజిస్ట్రేషన్ లేదు. అన్నీ కలిపి రాయించుకోండి. ఆన్‌లైన్‌లో పాత ధరలు చూస్తే 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్లపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గిన సంగతి గుర్తుంచుకోండి. సబ్సిడీ కావాలంటే ఫ్రూట్స్ ఐడీ (కర్ణాటక రైతు నమోదు నంబరు), పహణీ (భూమి రికార్డు) పట్టుకుని మీ హోబ్లీలోని (తాలూకాలో కొన్ని ఊళ్ల విభాగం) రైత సంపర్క కేంద్రానికి, అంటే వ్యవసాయ శాఖ ఆఫీసుకి, కొనకముందే వెళ్లండి.

నాలుగు లక్షల్లో ఫోర్ వీల్ డ్రైవ్, పనిముట్లు అన్నీ రావాలంటే సెకండ్ హ్యాండే దారి. మేం తీసుకున్నదీ అదే. పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి, మీరు రాకముందే స్టార్ట్ చేసి పెట్టొద్దని అమ్మేవాళ్లకు చెప్పండి. నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ కాలుతున్నట్టే. రోటవేటర్ పైకెత్తి ఇంజన్ ఆపండి, వెంటనే కిందికి జారిపోతే దాన్ని ఎత్తే హైడ్రాలిక్ లిఫ్ట్‌కి రిపేరు ఉంది. ముందు చక్రాల యాక్సిల్ సీళ్ల దగ్గర ఆయిల్ చెమ్మ ఉందేమో వేలితో తడిమి చూడండి. ఇంజన్ నడిచిన గంటలు లెక్కపెట్టే అవర్ మీటర్ తక్కువ చూపిస్తూ క్లచ్ పెడల్ మాత్రం అరిగి నున్నగా ఉంటే బేరం అక్కడే ఆపేయండి. ఆర్‌సీలో హైపోథికేషన్ (బండిపై బ్యాంకు లోన్ ఉన్నట్టు నమోదు) ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఆ నమోదు తీసేయడానికి కావాల్సిన ఫారం 35 చేతికి వచ్చేదాకా అడ్వాన్స్ దాటి రూపాయి ఇవ్వొద్దు.